నాలుగో పలక

(నక్షత్రాలను చూసే కేంద్రంలో పాత గాజుపలకల గది. మధ్యాహ్నం మూడు గంటలు. పలకలు తుడిచే ముసలాయన, వాటిని స్కానింగ్ మిషన్‌లో పెట్టే అమ్మాయి, పెట్టెలు తీసుకెళ్ళడానికొచ్చిన వ్యాన్ డ్రైవరు.)

“రండి రండి, అందరూ ఇలా దగ్గరికి జరగండి! గుసగుసలాపండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి, మధ్యలో దగ్గితే మళ్ళీ మొదట్నించి చెప్తా. వెనకున్నవాళ్ళకి వినబడుతోందా?”

“వెనకెవరూ లేరు తాతా. నేనూ, ఈ డ్రైవరన్నా. అంతే.”

“ఇద్దరైతేనేం అమ్మడూ, నోళ్ళు రెండున్నాయిగా. మూయండి. ఎక్కడిదాకా వచ్చా? ఆఁ, గుమ్మటం. ఆ గుమ్మటం తలుపు తుప్పు పట్టీ పట్టీ ఒకనాడు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మూడు రాత్రులు మూతపడలా. మూడో రాత్రి చందమామ తిన్నగా లోపలికొచ్చి టెలిస్కోపు పక్కన చతికిలబడ్డాడు. ‘ఏం బాబూ’ అన్నా. ‘కాళ్ళు లాగేస్తున్నాయయ్యా’ అన్నాడు.”

“చందమామకి కాళ్ళెక్కడివి మావా?”

“లేవు గనకే లాగుతున్నాయి అల్లుడూ! చీపురు పుచ్చుకుని తోలితే గానీ కదల్లేదు. ఆ చీపురు ఇప్పటికీ చీకట్లో వెలుగుతుంది.”

“ఏదీ, చూపించు.”

“చీకటి పడనీ.”

“అప్పటిదాకా నేనుండను మావా. నాలుగింటికి గేటు మూసేస్తారట. నా వ్యాన్ బ్యాటరీ చచ్చూరుకుంది, ఏటవాలులో పెట్టి వచ్చా. తోసేవాళ్ళు కావాలి. ఆఖరి పెట్టె ఇచ్చేస్తే పోతా. కాళ్ళు పీకుతున్నాయి, ఈ కుర్చీలో కాస్త...”

“అందులో కాదు!”

“అమ్మో, ఏంటలా అరిచావ్?”

“అది మా అక్క కుర్చీ. సాయంత్రం గోడవైపు తిప్పి ఇంటికెళ్తా, పొద్దున్నకి బల్లవైపు తిరిగుంటుంది. తెలుసా?”

“తిప్పేది నేనే తాతా. నీకంటే ముందొచ్చి అందులో కూర్చుంటా.”

“నువ్వా! రెండేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు తల్లీ?”

“నువ్వు అడిగితేగా. సరే, కోతలు బాగున్నాయి. ఇక ఆ పెట్టె మీంచి లే.”

“లేస్తా. అల్లుడికి ఈ పలకలేంటో చెప్పొద్దూ? పాపం, కిటికీ అద్దాలనుకుంటున్నాడు.”

“అనుకోవడమేంటి మావా, కిటికీ అద్దాలే కదా. దోమలు వాలిన కిటికీ అద్దాలు.”

“అవి దోమలు కావు అల్లుడూ, చుక్కలు. తిరగేసి పడతాయి. ఈ గదిలో ఆకాశం తెల్లగా ఉంటుంది, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. చూడు, మన కన్ను ఎంతసేపు గుడ్లప్పగించి చూసినా అంతే చూస్తుంది. గాజు అలా కాదు. దీనికో పక్క వెలుగు తగిలితే నల్లబడే మందు పూసి, టెలిస్కోపు చివర బిగించి, గంటసేపు ఆకాశం కింద వదిలేస్తే వెలుగుని బొట్టుబొట్టుగా తాగుతుంది. కంటికందనివి కూడా దీనికి అందుతాయి. అయితే ఆకాశం తిరుగుతుంటే టెలిస్కోపు కూడా దాంతోపాటే తిరగాలి, గడియారం ముల్లులా. కాస్త అదిరిందా, చుక్కచుక్కకీ తోకొస్తుంది.”

“ఇప్పుడూ ఇలాగేనా?”

“ఇప్పుడు గాజు లేదన్నా. కెమెరా ఉంటుంది, బొమ్మ తిన్నగా కంప్యూటర్‌కొస్తుంది. గుమ్మటంలో మనిషే ఉండక్కర్లేదు. ఇంకొన్ని చోట్ల పెద్ద పెద్ద గిన్నెల్లాంటివి పెట్టి, ఆకాశంలోంచి వచ్చే రేడియో అలల్ని పడతారు.”

“రేడియోనా? ఏమంటుంది?”

“గర్ర్‌మంటుంది.”

“మా ఆవిడకి ఫోన్ చేసినా అంతే. మరి కొత్తవి అన్నుంటే ఈ పాత గాజులెందుకు?”

“అప్పటి రాత్రులు మళ్ళీ రావు కదన్నా. ఎంత పెద్ద టెలిస్కోపు కట్టినా నిన్నటి ఆకాశాన్ని చూడలేం. ఆ రాత్రి పైన ఏముందో ఈ గాజుకొక్కదానికే తెలుసు. అందుకే అన్నిటినీ మిషన్‌లో పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. మందు లేని ఈ మెరిసే వైపు సిరా గీతలున్నాయి చూడు. గుండ్రాలు, బాణాలు, అంకెలు. అప్పట్లో చుక్కలు కొలిచినవాళ్ళ రాతలు. అవి ఉంటే మిషన్ సిరాని కూడా నక్షత్రమే అనుకుంటుంది. అందుకని ముందు రాతలకి ఫొటో తీస్తాను. తర్వాత తాత స్పిరిట్‌తో తుడుస్తాడు.”

“ఇరవై వేలు తుడిచా అల్లుడూ! ఒక్కటి పగల్లేదు. అంటే ఒకటి పగిలింది, అతికించా. అతుకు ఎవరికీ కనబడదు.”

“అంత బాగా అతికించావా?”

“అంత బాగా దాచా.”

“తాతా, లే. ఇక నాలుగే మిగిలాయి. పొద్దున్నుంచీ ఆ పెట్టె దిగట్లేదు నువ్వు. కోడిపెట్టలా కూర్చున్నావు.”

“పొదుగుతున్నా.”

“తాతా.”

“ఈ నాలుగూ పాడైపోయాయని రాసెయ్ తల్లీ. ఆకాశానికి రాత్రుళ్ళు కరువా? నాలుగు తగ్గితే ఏమౌతుంది?”

“చూడకుండా ఎలా రాస్తాను? ఇటివ్వు. ఇదేంటి, మొదటి పలక మీద గోటితో గీకినట్టుంది? ఈ నాలుగో దాని మెరిసే వైపు ఇంత నల్లగా ఎవరు పూశారు? కుంచెతో పూసినట్టుంది. కవరు మీద ఏదో రాసుంది. ‘అడ్డం ముప్ఫై ఒకటి, నిలువు పన్నెండు. ఇక్కడ ఉంటుంది.’ ఎవరి రాత ఇది?”

“మా అక్కది.”

“కుర్చీ అక్కా?”

“ఆఁ.”

“ఏదీ, ఆ కథ చెప్పు మావా. ఏ శుక్రుడో వచ్చి ఒళ్ళో కూర్చున్నాడా?”

“లేదు అల్లుడూ. ఎవరూ రాలా. అదే కదా బాధ. రాత్రి మగాళ్ళు ఫొటోలు తీసేవాళ్ళు, పగలు ఆడవాళ్ళు ఇదిగో ఈ వెలుగుబల్ల మీద పెట్టి భూతద్దంతో కొలిచేవాళ్ళు. ఆ మూల పెట్టె చూశావా? రెండు కళ్ళలాంటి గొట్టాలున్నాయే, అది. రెప్పల పెట్టె అనేవాళ్ళం. ఆకాశంలో ఒకే చోటిని రెండు రాత్రులు తీసిన పలకలు అందులో పెట్టి టకటకా ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే, ఉన్న చుక్కలు ఉన్నట్టే ఉంటాయి. కదిలింది మాత్రం కప్పలా గెంతుతుంది. గెంతిందంటే కొత్తది. తోకచుక్కో, సూర్యుడి చుట్టూ తిరిగే రాయో. ముందు చూసిన మనిషి పేరు పుస్తకంలో ఎక్కేది.”

“అక్క పేరు ఎక్కిందా?”

“పదకొండేళ్ళు కన్ను ఆనించి కూర్చుంది. ఒక్క కప్ప గెంతలా. పక్క బల్లల మీద ముగ్గురికి గెంతాయి. మా అక్క నవ్వడం మానేసింది. నాకు పాతికేళ్ళు, గుమ్మటం ఊడ్చేవాణ్ణి. నవ్వని మనిషిని చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనానికెళ్ళింది. ఆవిడ కలమే తీసి, బల్ల మీదున్న పలకలో పెద్ద చుక్క పక్కన... ఇంత. ఆవగింజలో సగం.”

“తాతా! సిరాతోనా?”

“సిరాతోనే. సాయంత్రం చెప్పేద్దామనుకున్నా, ‘ఎలా బోల్తా పడ్డావక్కా’ అని.”

“చెప్పావా?”

“ఆవిడ నవ్వింది అమ్మడూ. పళ్ళన్నీ కనబడేలా. పదకొండేళ్ళుగా నేను చూడని పళ్ళు. ఎలా చెప్పను?”

“మావా, ఇదీ కోతేనా?”

“కోతైతే ఇంకా బాగా చెప్పేవాణ్ణి కాదూ?”

“తర్వాత?”

“మర్నాడు ‘మళ్ళీ వచ్చిందో లేదో చూడాలిరా’ అంటూ పరిగెత్తింది. రాకపోతే అందరూ నవ్వుతారు. రెండో పలక మీద ఇంకోటి పెట్టా, గోరంత జరిపి. అబద్ధానికి ఒంటరిగా పడుకోవాలంటే భయం, తోడడుగుతుంది. మూడో రోజు మూడోది. అక్క మూడిటినీ కలిపి గీత గీసింది, రాత్రంతా లెక్క కట్టింది. నాలుగో రాత్రి అది ఎక్కడుంటుందో, ఇంకా తియ్యని పలక కవరు మీద ముందే రాసేసింది. అదే ఇది.”

“ఆవిడకి సిరా అని తెలీలేదా? భూతద్దంలో చూస్తోంది కదా.”

“ఆకలి మీదున్న మనిషి ముద్దలో రాయి చూసుకుంటుందా తల్లీ?”

“నాలుగో రాత్రి కూడా నువ్వే పెట్టావా?”

“పారిపోయా. దొరికిన బస్సెక్కి పోయా. పెట్టడానికి చెయ్యి రాలా, చెప్పడానికి నోరు రాలా. ఆ రాత్రి ఆకాశమంతా మబ్బు. గంటసేపే తెరిపిచ్చిందట. గాలి...”

“గుమ్మటం ఎగిరిపోయిందా మావా?”

“లేదురా. మామూలు గాలే. టెలిస్కోపు కాస్త అదిరింది. అంతే.”

“మూడు ముప్పావు కావస్తోంది... ఫరవాలేదు, చెప్పు. గేటువాడితో నేను మాట్లాడతాలే.”

“ఉండలేక మర్నాడు నేను తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. పెద్ద ఆఫీసరు మొదటి పలకని ఇలా పక్కకి వంచి చూస్తున్నాడు. నక్షత్రాలన్నీ మందు వైపుంటాయి, నా చుక్క గాజుకి ఇవతలుంది. వంచేసరికి అదొక్కటే పక్కకి జరిగింది. గోటితో గీకాడు. ఊడొచ్చింది. రెండు, మూడు కూడా వంచి చూశాడు, అవీ అంతే. సరిగ్గా అప్పుడే మా అక్క చీకటిగదిలోంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ‘నాలుగోది కూడా వచ్చింది సార్, నేను రాసిన చోటే!’ అని. ఆయన దానివైపు చూడనైనా లేదు. కుంచె సిరాలో ముంచి అడ్డంగా పూసి పారేశాడు. ‘ఇక చాలమ్మా, ఇంటికెళ్ళు’ అన్నాడు. గది గదంతా చూస్తోంది.”

“నువ్వు?”

“నేను చీపురు పట్టుకుని నిలబడ్డా.”

“ఆవిడ అడగలేదా నిన్ను?”

“ఒక్కసారి. సాయంత్రం, గడపలో. ‘నువ్వేనారా?’ అంది. ‘నేను కాదు’ అన్నా. జన్మలో ఎన్ని అబద్ధాలు చెప్పానో. అంత పొట్టిది ఇంకోటి చెప్పలా.”

“ఆ తర్వాత ఎలా బతికింది?”

“పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ. నాతో మామూలుగానే ఉండేది. కానీ ఎప్పుడో ఒకసారి, కూరగాయలు తరుగుతూనో, బట్టలు ఆరేస్తూనో, ‘నాలుగోది తుడువురా’ అనేది. రెండేళ్ళ కిందట పోయింది. పోయేటప్పుడు కూడా చెయ్యి పట్టుకుని అదే మాట.”

“అయితే ఈ తుడిచే పని అందుకేనా ఒప్పుకున్నావు?”

“ఒప్పుకున్నా. ఇరవై వేలు తుడిచా. ఈ నాలుగూ అడుక్కి తోస్తూ వచ్చా. ఇవాళ అడుగే మిగిలింది.”

“ఎందుకు తాతా? భయమెందుకు?”

“నేను పెట్టినవి మూడే అమ్మడూ. నాలుగో దాన్ని అక్క తప్ప ఎవరూ చూడలా. మరి అక్కడ చుక్క ఎలా వస్తుంది? పరువు పోతుందని ఆవిడే సిరాతో పెట్టి ఉంటుంది. నా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడీ నలుపు తుడిస్తే కింది సిరా కూడా పోతుంది, బోడి గాజు మిగులుతుంది. నిజాయితీకి మారుపేరు మా అక్క. ఆవిణ్ణి కూడా అబద్ధాలకోరుని చేశానని తేలిపోతుంది. తేలనంతకాలం అన్నం సహిస్తుంది.”

“ఒక్క మాట అడగనా? ఆవిడే సిరాతో పెడితే తుడవమని ఎందుకు చెప్తుంది?”

“గుర్తు లేకుండా చెరిపెయ్యమంటోందనుకున్నా. ఎవరి కంటా పడకుండా.”

“నలభై ఏళ్ళు అలాగే అనుకున్నావా?”

“అనుకున్నా.”

“ఒక్కసారైనా ఆవిణ్ణే అడగాల్సింది తాతా.”

“అడిగితే ఆవిడ కూడా ఇంకోటి అడుగుతుంది కదా తల్లీ.”

“...రాతలకి ఫొటోలు తీసేశా. కవర్లకి కూడా తీశా. ఆవిడ రాత ఎక్కడికీ పోదు. ఇదిగో స్పిరిట్, గుడ్డ.”

“నువ్వు తుడువు అమ్మడూ.”

“నాకు చేతకాదు. గీత పడితే అంతే సంగతులు. ముందు మిగతావి తుడువు.”

“మొదటిది ఆయనే గీకాడు. రెండోది... పోయింది. చూశావా, ఎంత తేలిగ్గా పోయిందో. మూడోది... పోయింది. నా చుక్కలు మూడూ అయిపోయాయి.”

“ఇప్పుడు నాలుగోది. కళ్ళు మూసుకున్నావేంటి తాతా?”

“నా వేళ్ళకి తెలుసు. అక్కర్లేదు కళ్ళు. మీరు మాట్లాడకండి.”

“మావా...”

“మాట్లాడొద్దన్నానా? ఆ కుర్చీ కిర్రుమనిపించకు.”

“నేను తలుపు దగ్గర నిలబడున్నా మావా.”

“అమ్మడూ, నువ్వా?”

“నేను నీ పక్కనే ఉన్నా తాతా. పాత కొయ్య, ఎండకి బిగుస్తుంది. నువ్వు తుడువు.”

“...నలుపు వదుల్తోంది. గుడ్డ జారుతోంది. ఇప్పుడు నున్నగా ఉంది. అయిపోయింది. కింద ఏం లేదు కదూ? చెప్పు తల్లీ, ఏం లేదని చెప్పేయ్, నేను తట్టుకుంటా.”

“ఆగు. స్కేలు పెట్టనీ. అడ్డం ముప్ఫై ఒకటి. నిలువు... పన్నెండు.”

“ఏం లేదు కదూ?”

“ఉంది.”

“మళ్ళీ తుడుస్తా. అడుగున సిరా అంటుకుని ఉంటుంది.”

“వద్దు! వంచి చూశాను. పక్కకి జరగట్లేదు. మందులో ఉంది తాతా.”

“మందులో మచ్చ. తయారీలో మచ్చ పడుతుంది ఒక్కోసారి. చెప్పవే, మచ్చే కదా?”

“భూతద్దం ఇటివ్వు. ఆ రాత్రి గాలికి టెలిస్కోపు అదిరిందన్నావు కదా? చూడు, ఈ పలకలో ప్రతి చుక్కకీ చిన్న తోకుంది. అన్నిటికీ ఎడమవైపే.”

“దానికో?”

“దానికీ ఉంది.”

“ఏ వైపు?”

“ఎడమవైపు. అంతే పొడవు. మచ్చకి గాలి తెలీదు తాతా. సిరాకీ తెలీదు. ఆ గంటసేపు ఇది నిజంగా పైనుంది.”

“కళ్ళు తెరుచుకోవట్లేదు అమ్మడూ.”

“నెమ్మదిగా తెరువు. ఇక్కడ, నా వేలి దగ్గర.”

“...ఎంత చిన్నగా ఉందో. ఆవగింజలో సగం.”

“నాకర్థం కావట్లేదు. నీ మూడు దొంగ చుక్కలు పట్టుకుని ఆవిడ లెక్క కట్టింది. ఆ లెక్క చెప్పిన చోటికి నిజంది ఎలా వచ్చి కూర్చుంది?”

“ఆవిడ పిలిచి ఉంటుంది. పదకొండేళ్ళు చూసింది కదా. ఎవరో ఒకరికి జాలేసి వచ్చుంటారు. అక్కా... తుడిచానక్కా. ఆలస్యమైంది.”

“తాతా, కూర్చో. ఈ కుర్చీలోనే కూర్చో.”

“వద్దు, అది ఖాళీగా ఉండనీ. అమ్మడూ, పుస్తకంలో ఎక్కిస్తారా?”

“ఒక్క పలకతో ఒప్పుకుంటారో లేదో. వెతకాలి, ఆ రాత్రి ఇంకెక్కడైనా మబ్బు విడిచిందేమో చూడాలి. కానీ ఈ పలక వివరాల్లో ‘మొదట చూసినవారు’ అని ఒక గడి ఉంది. అది నేనే నింపుతా, ఇవాళే. ఆవిడ పేరు చెప్పు.”

“చెప్తా. తప్పుల్లేకుండా రాయాలి మరి. కింద ఇంకో మాట కూడా రాయి. ముందు మూడూ తమ్ముడు పెట్టిన దొంగ చుక్కలని. అడిగితే ‘నేను కాదు’ అన్నాడని. అది కూడా రాయి.”

“అంతా రాయమంటావా?”

“అంతా. కోతేం లేదు. ఒక్క ముక్క కూడా లేదు. ఏం అల్లుడూ, అలా బిగుసుకుపోయావు? పెట్టె తీసుకెళ్ళవా?”

“తీసుకెళ్తా మావా. కాకపోతే... నువ్వు అబద్ధమాడితే ఆకాశమే దిగొచ్చి నిజం చేస్తోంది కదా. నీకు పుణ్యముంటుంది, నా వ్యాన్ బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందని ఒక్కసారి అనవా?”